పందొమ్మిదో పేజీ

మంగళ తన కథల కట్టను హైదరాబాదుకు పంపి పదకొండు నెలలైంది. ముగ్గురు ప్రచురణకర్తలకు పంపింది. ఒకరు అందిందని కూడా చెప్పలేదు. ఇంకొకరు చూస్తామన్నారు, ఎప్పుడో చెప్పలేదు. మూడోవారు మాత్రం, పరిశీలనలో ఉంది, దయచేసి ఓపిక పట్టండి అని మర్యాదగా మెయిల్ పెట్టారు. ఆ ఒక్క మర్యాద మీద ఆమె ఒక ఎండాకాలం, ఒక వానాకాలం నెట్టుకొచ్చింది.

ఎదురుచూడడం ఆమెకు చేతకాదు. చేతికి పని లేకపోతే ఫోన్ తీసి చూస్తుంది, ఏమీ లేదని పక్కన పెడుతుంది, పెట్టిన చేత్తోనే మళ్ళీ తీస్తుంది. అందుకని రోజంతా పనితో నింపేసుకుంది. పొద్దున మిషను మీద టవళ్ళ అంచులు కుట్టేది. మధ్యాహ్నం తల్లి పార్వతీబాయికి బీడీ ఆకు కత్తిరించి ఇచ్చేది. సాయంత్రం నాలుగింటికి సోలాపూర్ దాజీ పేట్ పిల్లలు పదిమంది వచ్చి గుమ్మం ముందు కూర్చుంటే వాళ్ళకు తెలుగు చదవడం నేర్పేది. ఇదివరకు ఆ పని బడిలోనే చేసేది. ఆ తెలుగు బడిలో పిల్లలు తగ్గి తగ్గి ఒకనాడు బడే మూతపడింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ మరాఠీ బడికి పోయే పిల్లలు ఇప్పుడు అక్షరాల కోసం ఈమె దగ్గరికి వచ్చేవాళ్ళు. వాళ్ళకు ఆమె ‘మంగళ బాయి’, అంటే మంగళ పంతులమ్మ.

నలభై ఆరేళ్ళ మంగళ పేరు మీద అప్పటికి రెండు చిన్న పుస్తకాలున్నాయి. రెండింటినిండా కుందేళ్ళు, నక్కలు, తెలివైన కాకులు. ఈసారి పంపినవి అలాంటివి కావు. తొమ్మిది కథలూ ఈ వాడవే. చివరిదీ, పెద్దదీ ‘గేటు’. అది ఆమె తండ్రి రాజయ్య కథ.

రాజయ్య అంబాదాస్ శేఠ్ కార్ఖానాలో చద్దర్లు నేసేవాడు. మంగళకు పన్నెండేళ్ళప్పుడు అక్కడ సమ్మె జరిగింది. మూడు నెలలకు పట్టు సడలింది. శేఠ్ కబురు పంపాడు: ఒక్కొక్కరే లోపలికి వచ్చి, కాళ్ళకు మొక్కి, తప్పయిందని చెప్పినవాళ్ళకు మళ్ళీ పని ఇస్తాను. ఒక్కొక్కరే పోయారు. గేటు బయట చివరికి ఇద్దరు మిగిలారు: రాజయ్య, అతని జతగాడు సిద్ధరాములు. వాళ్ళు మొక్కలేదు. ఆ తర్వాత రెండేళ్ళపాటు ఆ ఇద్దరికీ దాజీ పేట్‌లో ఎవరూ మగ్గం ఇవ్వలేదు. ఆ రెండేళ్ళూ పార్వతీబాయి బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. గేటు దగ్గర నిలబడ్డ తండ్రికి రోజూ రొట్టెల మూట పట్టుకుపోయిన పిల్ల మంగళ. ఆ పిల్ల కళ్ళతో రాసిన కథ అది. రాశాక తండ్రి చెవి దగ్గర గట్టిగా చదివింది, కార్ఖానా మరమగ్గాల మోతకు ఆయన చెవులు ఎప్పుడో దెబ్బతిన్నాయి కనుక. ఆయన అంతా విని, “గేటుకు తాళం ఎడమ దిక్కు ఉండె,” అని ఆ ఒక్కటే దిద్దాడు.

సెప్టెంబరులో ఒకనాడు వాళ్ళ సందు చివర కారు ఆగింది. లోపలికి రాలేక ఆగిన ఆ కారులోంచి డెబ్బై దాటిన ఒకావిడ దిగి, చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, కాలువ నీళ్ళు తప్పించుకుంటూ నడిచి వచ్చింది. ఆమె సీతాబాయి, అంబాదాస్ శేఠ్ కూతురు. శేఠ్ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. మంగళ ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది. పార్వతీబాయి చాట ఒడిలోంచి దించలేదు, చేతులు ఆపలేదు. రాజయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని, వచ్చినావిడను చూసి చూపు తిప్పుకున్నాడు.

“డిసెంబర్ల మా నాయిన పుట్టి నూరేండ్లు నిండుతయి,” అంది సీతాబాయి. “పిల్లల కోసం ఆయన మీద ఒక పుస్తకం వేద్దామనుకున్నం, తెలుగుల. మా ఇంట్ల నాకు తప్ప ఎవ్వరికి తెలుగు చదువ రాదు. సోలాపూర్‌ల పిల్లలకు రాసేటోళ్లు ఎవరున్నరని అడిగితె అందరు నీ పేరే చెప్పిన్రు.”

అందరూ తన పేరే చెప్పారన్న మాట మంగళకు బాగా అనిపించింది. అలా అనిపించినందుకు తర్వాత తనను తాను చాలాసార్లు తిట్టుకుంది. ఆలోచించి చెప్తానంది. కారు పోయాక పార్వతీబాయి తలెత్తకుండానే అడిగింది.

“చేస్తవా?”

“ఊకె కూసుండి ఫోన్ చూసుడు కంటె నయమే గదనే అమ్మా.”

తండ్రి మంచం దగ్గరికి పోయి చెవిలో గట్టిగా చెప్పింది. రాజయ్య కాసేపు గడ్డం రుద్దుకున్నాడు.

“రాయి,” అన్నాడు. “పని తెల్సిన మనిషే ఆయన. పోగు పట్టుకుంటె చెప్తుండె, ఏ మిల్లు నూలో. చెడ్డోడు గాదు, మొండోడు. నేను గూడ మొండోన్నే.”

మంగళ రాసింది. చెప్పుకోవడానికి సిగ్గుపడే సంగతేమిటంటే, ఆ పని ఆమెకు నచ్చింది. కరీంనగర్ వైపునుంచి పన్నెండేళ్ళ అంబాదాస్ మేనమామ వెంట రైలెక్కి రావడం, మొదటి చలికాలం మగ్గం గుంటలో కాళ్ళు ముడుచుకుని పడుకోవడం, మొదటి చద్దరు నేసి దాన్ని అమ్మడానికి మనసొప్పక రెండు రోజులు దాచుకోవడం... ఇవన్నీ సీతాబాయి చెప్పగా విని రాసినవి. వాక్యాలు చేతికి వచ్చిపడేవి. ఆ రెండు నెలలు ఆమె ఫోన్ కూడా పెద్దగా చూడలేదు.

సమ్మె దగ్గరికి వచ్చేసరికి ఆగింది. నాలుగు రోజులు ఆ పేజీ ముందు కూర్చుంది. నిజం రాస్తే వాళ్ళు వేయరు. అబద్ధం రాయడానికి తనకు చేతులు రావు. చివరికి ఏదీ రాయలేదు. ఒక అధ్యాయం కార్ఖానా పెద్దదవడంతో ముగించి, తర్వాతిది పదేళ్ళ అనంతరం శేఠ్ మంచినీళ్ళ ట్యాంకు కట్టించడంతో మొదలుపెట్టింది. ఆ రెండింటికీ మధ్య, పందొమ్మిదో పేజీలో, తండ్రికి కానుకగా రెండు వాక్యాలు పెట్టింది: ‘ఆ కార్ఖానాలో రాజయ్య అనే నేతగాడు ఉండేవాడు. తెగిన పోగును అతను ముడివేస్తే ఆ ముడి ఎక్కడుందో వేలికి కూడా తెలిసేది కాదు.’ తండ్రితో చెప్పలేదు. అచ్చులో చూసి సంతోషిస్తాడనుకుంది.

నవంబరు చివరలో ఒక పొద్దున హైదరాబాదు నుంచి, ఆ మర్యాదస్తుల దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. రేపు తమ సమావేశం ఉంది, ఒక్కో కథ గురించి నాలుగు మాటలు, రచయిత్రి పరిచయం ఈ సాయంత్రానికల్లా పంపగలరా అని. మంగళ టవళ్ళు పక్కన పడేసింది. పిల్లలకు సెలవు చెప్పింది. తొమ్మిది కథలకు నాలుగేసి మాటలు రాయడం మొత్తం కథలు రాయడం కంటే కష్టమైంది. రాసింది కొట్టేసి, మళ్ళీ రాసి, తన పరిచయంలో ఏం రాసుకోవాలో తెలియక చెమటలు పట్టి కూర్చున్నప్పుడు, మూడు గంటల వేళ సీతాబాయి ఆఫీసు నుంచి ఫోన్‌కు పుస్తకం పీడీఎఫ్ వచ్చింది. ‘అక్కడక్కడ చిన్న చిన్న మార్పులు చేశాం. ఈరోజే ప్రెస్‌కు పోవాలి. చూసి చెప్పండి.’

మంగళ తెరిచింది. అట్ట చూసింది. మొదటి రెండు పేజీల్లో రంగుల బొమ్మలు చూసింది. ‘బాగుంది. ఓకే’ అని కొట్టి మళ్ళీ తన పనిలో పడిపోయింది. హైదరాబాదుకు పంపాల్సింది ఆరింటికి పంపింది. మర్నాడు సమావేశం జరిగిందో లేదో వాళ్ళు చెప్పలేదు.

శతజయంతి సభ పెద్ద హాలులో జరిగింది. వచ్చిన పిల్లలందరికీ పుస్తకం, లడ్డూ పంచారు. మంగళను వేదిక మీదికి పిలిచి చద్దరు కప్పారు. రాజయ్య రాలేదు. వినపడని మనిషిని తీసుకుపోయి ఏం చేస్తవన్నాడు. ఇంటికి వచ్చాక మంగళ తన ప్రతిని అల్మారాలో పెట్టింది. అచ్చయిన తన పుస్తకాన్ని మొదటి రోజు తెరవడం ఆమెకు అలవాటు లేదు. తప్పులు కనపడతాయని భయం.

మర్నాడు నాలుగింటికి పిల్లలంతా ఆ పుస్తకమే పట్టుకుని వచ్చారు. వాళ్ళలో ఆరతి అని ఎదురింటి పిల్ల, ఎనిమిదేళ్ళది. ఆ గుంపులో అందరికంటే బాగా చదివేది అదే. ఒత్తులు కూడా తడబడకుండా పలికేది. దానికి అక్షరాలు దిద్దించిందీ, రాజయ్య తాతకు వినపడాలంటే గట్టిగా చదవాలని నేర్పిందీ మంగళే. ఆ పిల్ల పుస్తకం తెరిచి పట్టుకుని నేరుగా రాజయ్య మంచం దగ్గరికి పరుగెత్తింది.

“తాతా, దీంట్ల నీ పేరున్నది! చదువాల్నా?”

రాజయ్య ముఖం విప్పారింది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. మంగళ లోపల చాయ్ గిన్నె దించుతూ, తను పెట్టిన రెండు వాక్యాలూ ఇప్పుడు వినపడతాయని చెవి ఒగ్గింది.

“ఆ కార్ఖానాలో రాజయ్య అనే నేతగాడు ఉండేవాడు,” అని ఆరతి మొదలుపెట్టింది. “ఒకసారి కొందరి మాటలు విని అతను సమ్మెలో చేరాడు. శేఠ్ కోపగించుకోలేదు. కొన్నాళ్ళకు రాజయ్య ఏడుస్తూ వచ్చి శేఠ్ కాళ్ళకు మొక్కాడు. తప్పయింది, క్షమించండి అన్నాడు. దయగల శేఠ్ అతన్ని లేపి గుండెకు హత్తుకున్నాడు. మరునాడే పని ఇచ్చాడు.”

మంగళ బయటికి వచ్చేసరికి ఆరతి బొమ్మ చూపిస్తోంది. బక్కపలచటి మనిషి ఒకడు నేలమీద బోర్లా పడి ఉన్నాడు. అతని మీదికి వంగి తెల్ల ధోవతిలో శేఠ్.

“ఖరేనా తాతా? నిజంగ మొక్కినవా?”

పిల్లలందరూ చూస్తున్నారు. ఎదురింటి గడపలో ఆరతి తల్లి బియ్యం ఏరుతూ తలెత్తింది. పక్కింటి అరుగు మీద బీడీలు చుడుతున్న ఇద్దరు ఆడవాళ్ళు చెయ్యి ఆపారు. మంగళ, “ఆరతీ, ఇగ చాలు, ఇట్ల రా,” అంది గానీ ఆ పిల్ల తాత ముందు నుంచి కదల్లేదు.

రాజయ్య పిల్ల వైపు చూడలేదు. కూతురి వైపు చూశాడు. చాలాసేపు చూసినట్టు మంగళకు అనిపించింది. తర్వాత ఆరతి తల మీద చెయ్యి వేశాడు.

“అవ్ బిడ్డా,” అన్నాడు. “మొక్కిన.”

వినపడని మనుషులు గట్టిగా మాట్లాడతారు. ఆ మాట సందు మొత్తానికి వినపడింది.

పిల్లల్ని పంపించేసి మంగళ పుస్తకం తెరిచి పందొమ్మిదో పేజీ చూసింది. రెండోసారి చూసింది. ముడి గురించి తను రాసిన వాక్యం లేదు. తను ఖాళీ వదిలిన చోట వాళ్ళు రాసుకున్నారు. తండ్రి పక్కన కూర్చుని ఆయన చెవికి నోరు ఆనించి చెప్పింది.

“నాయినా, అది నేను రాయలె. వాళ్లు కలిపిన్రు. నేను చూడకుండ ఓకే అన్న.”

“రాస్తె ఏమైతది బిడ్డా,” అన్నాడాయన. “పుస్తకం వాళ్లది. వాళ్లు చెప్పినట్టు రాయాలె గద. బతకాలె గద.”

“నేను రాయలె అంటున్న!”

“మంచిది. రాయలే,” అన్నాడు ఓదార్పుగా. ఆయన నమ్మలేదని ఆ ఓదార్పులోనే తెలిసిపోయింది.

అప్పటిదాకా మాట్లాడని పార్వతీబాయి ఒడిలో చాట విసురుగా పక్కన పెట్టింది. ఆకులు, తంబాకు నేలమీద పడ్డాయి. లేచి భర్త ఎదురుగా వచ్చి నిలబడింది.

“ఎట్ల అన్నవ్ ఆ మాట? మొక్కిన అని ఎట్ల అన్నవ్?”

రాజయ్య ఆమె పెదవులు చూస్తున్నాడు.

“రెండేండ్లు. ఈ చేతులతోని చుట్టి చుట్టి, వేళ్లు వంగకపోతుండె. మా అన్న వచ్చి అన్నడు, పోయి ఒక్కసారి మొక్కమను, నీ పోరికి అన్నం పుడ్తది అని. మీ అమ్మ అన్నది. వాడకట్టంత అన్నది. నేను అన్ననా? ఒక్కనాడన్న నిన్ను పొమ్మన్ననా? నువ్వు మొక్కకుండ నిలబడ్డది నీ ఒక్కనిదే అనుకున్నవా? అండ్ల సగం నాది. నన్ను అడుగకుండ ఎట్ల ఇచ్చేసినవ్?”

ఆయనకు ఎంత వినపడిందో తెలియదు. అర్థం మాత్రం అంతా అయినట్టే తల దించుకున్నాడు. పార్వతీబాయి కింద పడ్డ ఆకులు ఏరుకుని, వంటింట్లోకి పోయి, గోడవైపు తిరిగి కూర్చుని చుట్టడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి ఆమె వాకిట్లో కూర్చుని బీడీలు చుట్టలేదు.

మూడో రోజు పొద్దున సిద్ధరాములు వచ్చాడు. ముప్పై ఏళ్ళకు పైగా ఆయనా రాజయ్యా పొద్దున్నే కలిసి కొంతం చౌక్ దాకా నడిచి, అక్కడ నిలబడే చాయ్ తాగి వచ్చేవాళ్ళు. ఆ రోజు ఆయన చేతిలో మనవరాలి పుస్తకం ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

“ఎప్పుడు మొక్కినవ్ రా?” అన్నాడు. “నేను ఇంటికి పోయినంకనా? రెండేండ్లకు నీకు మగ్గం దొరికింది దానికేనా? నాకు తెల్వకుండ ఎనక నుంచి పోయినవా?”

రాజయ్య నోరు తెరిచాడు. అప్పటికే ఆరతి, ఆరతి తల్లి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆయన వాళ్ళను చూశాడు.

“బుక్కుల ఉన్నది గద,” అన్నాడు.

“బుక్కుల ఉన్నది నేను చదివిన. నువ్వు చెప్పు.”

మంగళ పరుగున బయటికి వచ్చి, “కాకా, అది నేను రాయలె, నాయిన మొక్కలె, నీకు తెల్వదా?” అంది. సిద్ధరాములు పుస్తకం అట్ట ఆమె వైపు తిప్పి, కింద అచ్చయిన పేరు మీద వేలు పెట్టాడు.

“ఇది నీ పేరే గద బిడ్డా. ఆయన గూడ కాదంటలేడు. నేను ఒక్కన్నే పిచ్చోన్ని లెక్క నిలబడ్డనా అక్కడ?”

ఆయన వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రాజయ్య కొంతం చౌక్ వైపు పోలేదు. పొద్దున్నే లేచి, టోపీ పెట్టుకుని, చెప్పులేసుకుని, మంచం మీదే కూర్చునేవాడు.

మంగళ ఆటో ఎక్కి సీతాబాయి ఇంటికి పోయింది. దారంతా ఏమేం అనాలో అనుకుంటూ పోయింది. అక్కడ సీతాబాయి ఆమెకు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయి సోఫాలో కూర్చోబెట్టింది.

“తాయీ, పందొమ్మిదో పేజీ ఎవరు మార్చిన్రు?”

“నేనే. సమ్మె గురించి నువ్వు ఏం రాయలేదు గద. ఊర్ల అందరికి తెల్సిన ముచ్చట. రాయకపోతె దాచినట్టు ఉంటదని నేనే కలిపిన. మా నాయిన చెప్తుంటె విన్న, ఎవరో ఒకాయన ఏడ్చుకుంట వచ్చి కాళ్ల మీద పడ్డడని.”

“ఆయన రాజయ్య కాదు తాయీ.”

“అయితె ఇంకెవరో. పిల్లలకు ఒక పేరు చెప్తె యాదికుంటది. నువ్వు పెట్టిన పేరు ఉండె అక్కడ, అదే ఉంచిన.”

“రాజయ్య మా నాయిన. మా ఇంటికి వచ్చినప్పుడు మంచం మీద కూసున్నడు, చూసినవు గద.”

సీతాబాయి చేతిలో చాయ్ కప్పు ఆగింది. ఆమె ముఖంలో నిజమైన బాధే కనిపించింది.

“అయ్యో, ఆయననా! నాకేం తెల్సు మంగళా? నువ్వు ఒక్క మాట చెప్పక పోతివి. నీకు పంపితిమి గద, చూసి ఓకే అంటివి.”

మంగళ ఆటోలో అనుకున్నవన్నీ ఆ ఒక్క మాట ముందు ఆగిపోయాయి.

“ఇప్పుడు ఏం చేద్దాం చెప్పు,” అంది సీతాబాయి. “అన్ని పంచేసినం. ఇండ్లిండ్లు తిరిగి వాపసు తీసుకుంటమా? మల్ల వేసినప్పుడు మారుద్దాం. చాయ్ తాగు.”

మంగళ చాయ్ తాగింది. తాగకుండా లేచి రావాల్సిందని ఇంటికి వచ్చాక తోచింది.

ఫిబ్రవరిలో హైదరాబాదు నుంచి మెయిల్ వచ్చింది. పుస్తకం వేస్తామన్నారు. ‘గేటు’ కథ సమావేశంలో అందరికీ నచ్చింది, పుస్తకానికి ఆ పేరే పెడదాం, పిల్లల కథల్లో ఇంత నిజాయితీగా రాసినది ఈమధ్య మేం చూడలేదు అని రాశారు. నిజాయితీ అన్న మాట దగ్గర మంగళ కాసేపు ఆగిపోయింది. అయినా సంతోషం ఆగలేదు. పదహారు నెలల తర్వాత వచ్చిన జవాబు. మిషను మీద టవల్ అలాగే వదిలేసి తండ్రి దగ్గరికి పోయింది. ఇదే దారి అనుకుంది. ఈ కథ వస్తే సిద్ధరాములు కాక చదువుతాడు. ఆరతి చదువుతుంది. అందరికీ తెలుస్తుంది.

రాజయ్య విన్నాడు. సంతోషించాడు కూడా. ఆమె తల నిమిరాడు. తర్వాత అడిగాడు.

“ఈడ గూడ అమ్ముతరా?”

“అన్ని ఊర్లల్ల అమ్ముతరు నాయినా. ఈడికి నేనే తెప్పిస్త, పిల్లలందరికి ఇస్త.”

“వద్దు బిడ్డా.”

“ఏం వద్దు?”

“గేటు కథ వద్దు. మిగిలినయి వేసుకో. అదొక్కటి తీసెయ్యి.”

మంగళ తను సరిగ్గా వినలేదేమో అనుకుంది. ఆయన నెమ్మదిగా, ఎన్నాళ్ళుగానో ఆలోచించి పెట్టుకున్నట్టు చెప్పాడు.

“ఒక బుక్కుల మొక్కిండని ఉన్నది. ఇంకో బుక్కుల మొక్కలేదని ఉంటది. రెండింటి మీద నీ పేరే. ఈ పోరగాండ్లు నీ దగ్గర చదువు నేర్చుకుంటున్నరు. ఏది ఖరే బాయీ అంటె ఏం చెప్తవ్?”

“ఖరే ఏందో అదే చెప్త.”

“అప్పుడు మొదటిది అబద్ధం రాసినవన్నట్టు. పైసలు తీసుకొని సొంత నాయిన మీద అబద్ధం రాసిందంటరు. ఎవ్వరు పిల్లల్ని పంపుతరు నీ దగ్గరికి? నేను ఆ దినం ఎందుకు అట్ల అన్న? నీ మాట పోవద్దనే గద. అన్న మాట అన్న. సిద్ధరాములు సుత నాకు దూరమైండు. ఇప్పుడు కాదంటె ఆ పోయింది ఊకెనే పోయినట్టు.”

“నేను రాయలె నాయినా. ఎన్నిసార్లు చెప్పాలె?”

“సరే బిడ్డా,” అన్నాడు, మళ్ళీ అదే ఓదార్పుతో.

వంటింట్లోంచి పార్వతీబాయి ఏమైనా అంటుందని మంగళ ఎదురుచూసింది. ఆకు మీద కత్తెర చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

వారం రోజులు మంగళ ఆ మెయిల్‌కు జవాబు ఇవ్వలేదు. ఇన్ని నెలలు వాళ్ళ కోసం తను ఎదురుచూసింది, ఇప్పుడు వాళ్ళు తన కోసం ఎదురుచూస్తున్నారు. అందులో ఆమెకు ఏ తృప్తీ దొరకలేదు. చివరికి, ‘గేటు’ తీసేసి మిగతా ఎనిమిదీ వేయగలరా అని రాసింది. మర్నాడు అక్కడి సంపాదకురాలు ఫోన్ చేసింది. చదువుకున్న, మెత్తటి గొంతు.

“ఏమైందండీ? ఎవరైనా బెదిరించారా?”

“లేదండి. ఇంట్లో వద్దన్నారు.”

“పేర్లు మార్చుకోవచ్చు. ఊరు మార్చుకోవచ్చు.”

“మార్చినా ఇక్కడ తెలుస్తుందండి.”

“చూడండి మంగళగారూ, మిగతా కథలు బాగాలేవని కాదు. కానీ ఆ కథ కోసమే మేం ఈ పుస్తకం తీసుకున్నాం. అది లేకుండా అంటే మళ్ళీ అందరితో మాట్లాడాలి. చెప్తాను. కొంచెం ఓపిక పట్టండి.”

మార్చి పోయింది. ఏప్రిల్ సగం పోయింది. ఎండకు రేకుల కప్పు కింద ఉండలేక పిల్లలు నాలుగింటికి బదులు ఆరింటికి వచ్చేవాళ్ళు. ఆరతి ఇప్పుడు ఏ పుస్తకమిచ్చినా తడుముకోకుండా చదివేస్తోంది. తాతకు మాత్రం చదివి వినిపించడం మానేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు. హైదరాబాదు నుంచి మళ్ళీ ఏ కబురూ లేదు. మంగళ ఫోన్ తీయడం, పెట్టడం మళ్ళీ మొదలైంది.

ఆ రోజుల్లోనే సీతాబాయి రెండోసారి వచ్చింది. ఈసారి రాజయ్య మంచం దగ్గర ఆగి, చేతులు జోడించి నమస్కారం పెట్టింది. ఆయన కూడా పెట్టాడు. ఆమె లోపలికి వచ్చి కూర్చుంది.

“పుస్తకం మరాఠీల కావాలె అని అందరు అడుగుతున్నరు. మా మనుమలు గూడ చదువుతరు. నువ్వే చెయ్యాలె. ఈసారి ఒక్క అక్షరం నేను ముట్ట. నీ నాయిన సంగతి తీసెయ్యి, నువ్వు ముందు రాసినట్టే రాసుకో. ఆ దినం నుంచి నాకు మనసుల ఒకటే గుంజుతున్నది.”

ఆమె ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. మంగళకు ఆ క్షణం ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది. సరేనంది. ఖాళీగా కూర్చోవడం కంటే నయం అని మళ్ళీ అనుకుంది. ఈసారి ఆ మాట పైకి అనలేదు.

పద్దెనిమిది పేజీలు మూడు రోజుల్లో అయిపోయాయి. పందొమ్మిదో పేజీ తీసిన సాయంత్రం మంగళ కాగితాలు పట్టుకుని తండ్రి పక్కన మంచం మీద కూర్చుంది. సీతాబాయి అన్నదంతా చెవిలో చెప్పింది. తీసేయవచ్చు నాయినా, అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“ఈడ అందరికి మరాఠీ వస్తది బిడ్డా. రెండు పక్కపక్కన పెట్టి చూస్తరు. దాంట్ల ఉండె, దీంట్ల లేదు, మరి రాజయ్య ఏమన్నడు అంటరు. ఉండనియ్యి.”

“నాయినా...”

“ఉండనియ్యి,” అన్నాడు. టోపీ సర్దుకుని సందు చివరికి చూస్తూ కూర్చున్నాడు.

మంగళ అక్కడే కూర్చుని రాసింది. ఇప్పుడు వేరెవరూ లేరు, కలపడానికీ తీయడానికీ. రాజయ్య సమ్మెలో చేరాడని రాసింది. శేఠ్ కోపగించుకోలేదని రాసింది. రాజయ్య వచ్చి కాళ్ళకు మొక్కాడని, తప్పయిందన్నాడని తన దస్తూరీతో, సొంతంగా, మంచి మరాఠీలో రాసింది. ‘ఏడుస్తూ’ అన్న ఒక్క మాట వదిలేసింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళు ఆ మాత్రం గమనించరులే అనుకుంది. తండ్రికి ఆమె చేయగలిగింది అంతే.

తర్వాత ఇరవయ్యో పేజీ తీసి మంచినీళ్ళ ట్యాంకు సంగతి మొదలుపెట్టింది.